జాకింథోస్ రాతప్రతి: చెరిపేసిన సువార్త మీద రాసిన గ్రీకు పఠన గ్రంథం – తరచుగా అడిగే ప్రశ్నలు

కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ లైబ్రరీలో ఉన్న కోడెక్స్ జాకింథియస్ (జాకింథోస్ అనే గ్రీకు దీవి నుంచి వచ్చిన రాతప్రతి) గురించి ఎక్కడ చదివినా ఎక్కువగా కనిపించేది ఒకటే కథ: చెరిపేసిన అక్షరాల్లో దాగిన పాత లూకా సువార్త. దాని మీద కంటికి నేరుగా కనిపించే రాత గురించి మాత్రం ఒక వాక్యం రాసి ముందుకు వెళ్లిపోతారు. ఆ పై రాత ఒక గ్రీకు లెక్షనరీ, అంటే గుడిలో ఏ రోజు పాఠం ఆ రోజు చదవడానికి వీలుగా సర్దిన సువార్తల పుస్తకం. రెండింటి గురించీ సాధారణంగా వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. నా మొగ్గు పై రాత వైపే.

ఇది ఒక పుస్తకమా, రెండు పుస్తకాలా?

చేతికి తగిలేది ఒక్కటే, 176 ఆకుల పుస్తకం. చదవడానికి ఉన్నవి రెండు. సుమారు క్రీ.శ. 700 ప్రాంతంలో ఎవరో పెద్ద పెద్ద చర్మపత్రాల మీద లూకా సువార్తను, దాని చుట్టూ వ్యాఖ్యానాన్ని రాశారు. కొన్ని వందల ఏళ్లు గడిచాక, 12–13 శతాబ్దాల ప్రాంతంలో, ఇంకొకరు ఆ సిరాను తుడిచేశారు. ఒక్కో పెద్ద ఆకునూ మధ్యకు మడిచి రెండు చిన్న ఆకులు చేసుకున్నారు. వాటి మీద లెక్షనరీ రాశారు. ఇలా తుడిచి మళ్లీ రాసిన ప్రతిని పాలింప్‌సెస్ట్ అంటారు.

ఆకును మడిచి పక్కకు తిప్పారు కాబట్టి కింది రాత పై రాతకు అడ్డంగా నడుస్తుంది. పై రాత చదువుతున్నప్పుడు కింది వరసలు నిలువు చారల్లా లీలగా కనిపిస్తాయి.

లెక్షనరీ అంటే సరిగ్గా ఏమిటి? బైబిల్‌కీ దానికీ తేడా ఏమిటి?

మామూలు సువార్తల పుస్తకంలో మత్తయి, మార్కు, లూకా, యోహాను వరసగా ఉంటాయి. లెక్షనరీలో ఆ వరస ఉండదు. పండుగల వరసలో, ఏ రోజుకు ఏ భాగం చదవాలో ఆ భాగం అక్కడే పూర్తిగా రాసి ఉంటుంది. చదివే డీకన్ (గురువుకు సహాయకుడు) పేజీలు అటూ ఇటూ తిప్పి వెతుక్కునే పని లేదు.

గ్రీకు చర్చిలో ఇలాంటి పుస్తకాలు రకరకాలు. సువార్తల పాఠాలు ఉన్నది ఎవాంగెలియోన్, అపొస్తలుల కార్యాలు, పత్రికల పాఠాలు ఉన్నది అపొస్తోలోస్, పాత నిబంధన పాఠాలు ఉన్నది ప్రొఫెటోలోగియోన్. ప్రకటన గ్రంథానికి మాత్రం ఈ పాఠాల్లో చోటు లేదు. మన జాకింథోస్ ప్రతి పై రాత మొదటి రకం.

ఏ రోజున ఏది చదవాలో ఎలా నిర్ణయించారు?

బైజాంటిన్ (కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్న గ్రీకు క్రైస్తవ సామ్రాజ్యపు) లెక్షనరీలో రెండు భాగాలు. మొదటిది ఈస్టర్‌ను బట్టి ఏటా ముందుకూ వెనక్కీ జరిగే భాగం. రెండోది నెల తేదీలను బట్టి కదలకుండా ఉండే భాగం. దీన్ని మెనోలోగియోన్ అంటారు. ఇది సెప్టెంబరు 1న మొదలవుతుంది, ఎందుకంటే బైజాంటిన్ వాళ్ల సంవత్సరాది అదే. పునీతుల పండుగలు, క్రిస్మస్ లాంటివన్నీ ఇందులోకి వస్తాయి.

మొదటి భాగం ఈస్టర్ ఆదివారంతో మొదలవుతుంది. ఆ రోజు పాఠం యోహాను 1:1–17. "ఆదియందు వాక్యముండెను" అనే మాటలతోనే పుస్తకం తెరుచుకుంటుంది. అందుకే చాలా లెక్షనరీల్లో మొదటి పేజీకే అలంకారం అంతా పెట్టేస్తారు. అక్కడి నుంచి పెంతెకొస్తు దాకా యోహాను. పెంతెకొస్తు మర్నాడు మత్తయి మొదలై వేసవంతా సాగుతుంది. సెప్టెంబరు దాటాక లూకా. శ్రమకాలంలో శని, ఆదివారాలకు ప్రధానంగా మార్కు. అసలు చిన్న సువార్త మార్కే, దానికి దక్కిన వంతూ చిన్నదే. మత్తయి, లూకా కాలాల చివరి వారాల్లోని కొన్ని మామూలు రోజులకు కూడా మార్కు పాఠాలే వేసి సర్దారు.

పవిత్ర వారానికి వచ్చేసరికి ఈ వరసలేవీ పనిచేయవు. పవిత్ర గురువారం పాఠం చూడండి: మత్తయి 26తో మొదలవుతుంది, మధ్యలో యోహాను 13 నుంచి పాదాలు కడిగే ఘట్టం వస్తుంది, మళ్లీ మత్తయికి వెళ్తుంది. గెత్సేమనే దగ్గర లూకా 22:43–45 వచ్చి చేరుతుంది. దేవదూత బలపరచడం, రక్తబిందువుల వంటి చెమట అక్కడివే. ఆ తర్వాత తిరిగి మత్తయి. నాలుగు సువార్తల్లో విడివిడిగా ఉన్న ఒక రాత్రిని ఒకే కథగా వినిపించారన్నమాట. ఫ్యామిలీ 13 అని పిలిచే కొన్ని సువార్త ప్రతుల్లో వాటిలోని లూకా 22:43–44 వచనాలు మత్తయి 26:39 తర్వాత రాసి ఉంటాయి. గుడిలో విన్న వరస లేఖకుడి చేతికి ఎంతగా అలవాటైపోయిందో దాన్నిబట్టి తెలుస్తుంది.

మన చర్చీల్లో ఆదివారం పాఠాల పట్టిక కూడా ఇదేనా?

పద్ధతి ఒకటే, పట్టిక వేరు. ఆంధ్ర, తెలంగాణల్లోని కథోలిక చర్చీల్లో వినే ఆదివారం పఠనాలు 1969లో సంస్కరించిన రోమన్ లెక్షనరీవి. అది మూడేళ్లకు ఒకసారి తిరుగుతుంది. బైజాంటిన్ పట్టిక ఏడాదికి ఒక చుట్టు. గ్రీస్‌లోని ఆర్థడాక్స్ చర్చీల్లో ఇప్పటికీ ఈస్టర్‌కు యోహాను 1:1–17 చదువుతారు.

పవిత్ర గ్రంథాన్ని చెరిపేయడం తప్పు కాదా?

చాలామంది కోపంగా అడిగే ప్రశ్న ఇది. అప్పటివాళ్లకూ ఈ ఇబ్బంది ఉండేది. 692లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన ట్రుల్లో సభ తన 68వ నియమంలో ఈ విషయాన్నే పట్టించుకుంది. పాత, కొత్త నిబంధనల పుస్తకాలనుగానీ గురువుల రచనలనుగానీ కోయకూడదు, పాడుచేయకూడదు, పుస్తకాల వ్యాపారులకో అత్తరు వ్యాపారులకో ఇవ్వకూడదు. చేస్తే ఏడాదిపాటు వెలి. నియమం పెట్టారంటేనే ఆ పని ఎవరో చేస్తున్నారని అర్థం. పాత పుస్తకం కాగితాలు పల్లీల పొట్లాలైన రోజులు చూసినవాళ్లకు అత్తరు కొట్టు సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

అయితే అదే నియమంలో ఒక మినహాయింపు ఉంది. పురుగు కొట్టి, నీళ్లు తగిలి పనికిరాకుండా పోయిన పుస్తకానికి ఇది వర్తించదు. జాకింథోస్ లూకాకు ఏం జరిగిందో రాసిపెట్టినవాళ్లు లేరు. కానీ అప్పటికి దాని వయసు నాలుగైదు వందల ఏళ్లు. లిపి కూడా పాతబడింది. 9వ శతాబ్దం నుంచి గ్రీకు లేఖకులు విడివిడి పెద్దక్షరాలు మానేసి కలిపి రాసే చిన్నక్షరాలకు మారారు. చర్మపత్రం ఖరీదైన సరుకు. ఒక పుస్తకానికి ఎన్నో గొర్రెలో మేకలో దూడలో కావాలి. పాత లిపిలోని చదవని పుస్తకం ఒకవైపు, గుడిలో రోజూ కావలసిన పుస్తకం ఇంకోవైపు. ఆ లేఖకుడు సువార్తను చెరిపి సువార్తనే రాశాడు. దీన్ని నేను అపచారం అనలేను.

కింద మిగిలింది ఎంత?

పాత పుస్తకంలోంచి 86 ఆకులు నిండుగా, మరో 3 కొంతవరకు మిగిలాయి. వాటిలో లూకా 1:1 నుంచి 11:33 వరకు ఉంది, మధ్యమధ్య ఖాళీలతో. మిగతా సగం లూకా లేదు.

పేజీ మధ్యలో పెద్ద గుండ్రటి అక్షరాల్లో సువార్త, పైనా కిందా బయటి అంచునా చిన్న అక్షరాల్లో వ్యాఖ్యానం. ఈ వ్యాఖ్యానం ఒకరిది కాదు. ఒరిగెన్, జాన్ క్రిసోస్టమ్, అలెగ్జాండ్రియా సిరిల్, బోస్ట్రా టైటస్, అంతియొకయ సెవెరస్ వంటి వాళ్ల మాటలను ముక్కలు ముక్కలుగా తీసుకుని గొలుసులా కూర్చారు. దీనికి కతేనా అని పేరు. కొత్త నిబంధనకు ఇలాంటి వ్యాఖ్యానం ఉన్న ప్రతుల్లో మనకు దొరికిన అతి పాతది ఇదే. లూకా పాఠం కూడా మంచిదే. అధ్యాయాలను విడగొట్టిన తీరు ప్రసిద్ధమైన వాటికన్ రాతప్రతిలోనూ, మినస్క్యూల్ 579 అనే మరో ప్రతిలోనూ తప్ప ఇంకెక్కడా కనిపించదు.

చెరిపేసిన దాన్ని ఎలా చదివారు?

మొదట కళ్లతోనే. శామ్యూల్ ప్రిడో ట్రెగెల్స్ అనే ఇంగ్లిష్ పండితుడు 1858లో కింది రాతను విప్పి చదివి, 1861లో అచ్చు వేశాడు. కుర్రతనంలో ఇనుము కార్ఖానాలో పనిచేస్తూ సొంతంగా గ్రీకు, హీబ్రూ నేర్చుకున్న మనిషి. మంచి ఎండలో, ఆకును పట్టుకుని ఒక్కో అక్షరం ఏరుకునే పని అది. సువార్త భాగం బాగానే పట్టాడు. చిన్న అక్షరాల వ్యాఖ్యానం మాత్రం ఆ రోజుల్లో లొంగలేదు.

తర్వాతి అడుగు మల్టీస్పెక్ట్రల్ ఫోటోగ్రఫీ. అతినీలలోహితం నుంచి పరారుణం దాకా ఒక్కో రంగు కాంతిలో అదే పేజీని మళ్లీ మళ్లీ ఫోటో తీస్తారు. అతినీలలోహిత కాంతి పడినప్పుడు చర్మం మెరుస్తుంది. సిరా ఇంకిన చోటు మాత్రం, పైన రంగు పోయినా, నల్లగానే ఉండిపోతుంది. ఫోటోలన్నీ కంప్యూటర్‌లో కలిపి, పై రాతను ఒక రంగులోకి, కింది రాతను ఇంకో రంగులోకి నెడతారు. 2018–2020 మధ్య బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ బృందం ఇలా తీసిన ఫోటోలతో వ్యాఖ్యానంతో సహా మొత్తం చదివింది. ఆ అధ్యయనంలో పై రాతకూ చోటు దొరికింది.

గ్రీకు దీవి నుంచి ఇంగ్లండుకు ఎలా వచ్చింది?

దీని కథలో మన దేశం కూడా కాస్త ఉంది. 1820లో అయోనియన్ దీవుల్లోని జాకింథోస్‌లో ఆంటోనియో కొముటో అనే పెద్దమనిషి ఈ పుస్తకాన్ని జనరల్ కాలిన్ మెకాలేకు గౌరవ కానుకగా ఇచ్చాడు. అప్పట్లో ఆ దీవులు బ్రిటిష్ రక్షణలో ఉన్నాయి. ఈ మెకాలే అంతకుముందు తిరువాంకూరు, కొచ్చిన్ రాజ్యాల్లో ఈస్ట్ ఇండియా కంపెనీ రెసిడెంట్, అంటే రాజదర్బారులో కంపెనీ ప్రతినిధి. 1808లో తిరువాంకూరు దివాన్ వేలు తంపి తిరుగుబాటులో తన నివాసం మీద దాడి జరిగితే తప్పించుకుని బయటపడ్డాడు. ఇంగ్లిష్ చదువుల పుణ్యమా అని మనం రోజూ తిట్టుకునో మెచ్చుకునో తలచుకునే థామస్ మెకాలేకు ఈయన పెదనాన్న.

కాలిన్ మెకాలే 1821లో పుస్తకాన్ని బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీకి ఇచ్చేశాడు. 1980లలో సొసైటీ గ్రంథాలయంతో పాటు అది కేంబ్రిడ్జ్ చేరింది. 2014లో యూనివర్సిటీ లైబ్రరీ చందాలు పోగుచేసి కొనుక్కుంది.

ఎంతకు?

11 లక్షల పౌండ్లకు.

'క్సీ', 'ఎల్ 299' అని రెండు పేర్లు ఎందుకు?

కింది రాతకు క్సీ అనే గ్రీకు అక్షరం, 040 అనే సంఖ్య ఉన్నాయి. పై రాత పేరు ఎల్ 299. కొత్త నిబంధన గ్రీకు ప్రతులకు ఇలా అంకెలు వేసే పద్ధతిని 1908లో కాస్పర్ రెనే గ్రెగరీ స్థిరపరిచాడు. లెక్షనరీలకు ఎల్ గుర్తు అతనిదే. అమెరికాలో పుట్టి, జర్మనీలో లైప్జిగ్‌లో స్థిరపడి, డెబ్భై ఏళ్ల వయసులో జర్మన్ సైన్యంలో ఉండగా 1917లో యుద్ధంలో చనిపోయాడు. ఇప్పుడు ఆ జాబితాను మున్‌స్టర్‌లోని పరిశోధన సంస్థ చూసుకుంటోంది. అందులో లెక్షనరీలే రెండు వేల నాలుగు వందల పైచిలుకు.

అంత ఉన్నాయి కదా, మరి పండితులు లెక్షనరీలను ఎందుకు చిన్నచూపు చూశారు?

వాళ్ల లెక్క వాళ్లది. మొదటి శతాబ్దపు రచయిత రాసిన అసలు మాట ఏమిటన్నది వాళ్లకు కావాలి. లెక్షనరీలు చాలావరకు 9వ శతాబ్దం తర్వాతివి, పాఠం కూడా ఎక్కువగా మామూలు బైజాంటిన్ పాఠమే, అంటే మధ్యయుగాల్లో అందరూ వాడిన రూపమే. దానికితోడు పాఠం మొదట్లో మాటలు చేరుస్తారు. సువార్త మధ్యలోంచి ఒక ముక్క తీసి చదివితే వినేవాడికి ఎవరు, ఎప్పుడు అన్నది తెలియదు. అందుకని "ఆ కాలమందు", "ప్రభువు చెప్పెను" వంటి కొన్ని వాడుక మాటలతో మొదలుపెడతారు, 'ఆయన' ఉన్నచోట 'యేసు' అని రాస్తారు. ఇవి ఒక్కోసారి సువార్త ప్రతుల్లోకి జారిపోయాయి. పాత ఇంగ్లిష్ కింగ్ జేమ్స్ బైబిల్‌లో లూకా 7:31 మొదట్లో ఉన్న "ప్రభువు చెప్పెను" అలా వచ్చి చేరినదే.

ఇవన్నీ నిజమే. కానీ వెయ్యేళ్లపాటు గ్రీకు మాట్లాడే మామూలు మనిషికి బైబిల్ అంటే ఇంట్లో ఉన్న పుస్తకం కాదు, గుడిలో చెవిన పడిన పాఠం. ఆ మనిషి విన్నది ఏమిటో చెప్పేది లెక్షనరీయే. 1930లలో షికాగో యూనివర్సిటీలో ఎర్నెస్ట్ కోల్వెల్, డొనాల్డ్ రిడిల్ ఈ పుస్తకాల పాఠాన్ని పద్ధతిగా పోల్చి చూడడం మొదలుపెట్టాకే వీటికి కాస్త గౌరవం వచ్చింది.

వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ (యోహాను 7:53–8:11) సంగతే తీసుకోండి. పాత ప్రతుల్లో అది లేదన్న వాదన మీకు తెలిసే ఉంటుంది. లెక్షనరీలో పెంతెకొస్తు రోజు పాఠం యోహాను 7:37 నుంచి 52 దాకా వెళ్లి, ఒక్క దూకులో 8:12కు వస్తుంది. మధ్యలోని కథ ఆ రోజు ఎవరూ వినరు. అలాగని వదిలేయలేదు. మెనోలోగియోన్‌లో అక్టోబరు 8 తీయండి. అది పునీతురాలు పెలాగియా రోజు, పశ్చాత్తాపపడి జీవితం మార్చుకున్న స్త్రీగా ఆమెను తలచుకుంటారు. "మీలో పాపము లేనివాడు" అన్న ఆ కథను చాలా లెక్షనరీల్లో ఆ రోజుకు పెట్టారు. పండితులు ఉంచాలా తీసేయాలా అని తగువులాడే పన్నెండు వచనాలకు చర్చి ఎప్పుడో ఒక ఇల్లు చూపించింది. సువార్తల పుస్తకం మాత్రమే చదివితే ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

కొన్ని లెక్షనరీల్లో వరసల పైనా కిందా కనిపించే ఎర్ర గుర్తులు ఏమిటి?

అవి రాగం గుర్తులు. సువార్తను ఊరికే చదవరు, సాగదీసి పాడినట్టు పఠిస్తారు. ఒక్కో పదబంధం మొదట్లో ఒక గుర్తు, చివర్లో ఒక గుర్తు వేసి, గొంతు ఎక్కడ లేపాలో, ఎక్కడ దించాలో సూచించేవారు. ఈ పద్ధతి సుమారు 9 నుంచి 14వ శతాబ్దం దాకా నడిచి, తర్వాత మరుగున పడింది. డెన్మార్క్ పండితుడు కార్స్టెన్ హోగ్ 1930లలో దీన్ని వివరంగా పరిశీలించాడు. గుర్తుల పేర్లు తెలిశాయి, స్వరాలు మాత్రం పూర్తిగా పట్టుబడలేదు.

రాసిన కాలం ఎలా చెబుతారు?

అదృష్టం బాగుంటే లేఖకుడే చెబుతాడు. బ్రిటిష్ లైబ్రరీలో హార్లీ 5598 అనే లెక్షనరీ చివర్లో కాన్‌స్టాంటైన్ అనే గురువు దాన్ని 995 మే 27న ముగించినట్టు రాసుకున్నాడు. బైజాంటిన్ లేఖకులు సంవత్సరాన్ని సృష్టి నుంచి లెక్కపెట్టేవారు. ఆ అంకెలోంచి 5508 తీసేస్తే మన సంవత్సరం వస్తుంది, సెప్టెంబరు–డిసెంబరు తేదీలైతే 5509. తేదీ లేని ప్రతులను తేదీ ఉన్న ప్రతుల చేతిరాతతో పోల్చి అంచనా వేస్తారు. లెక్షనరీల్లో ఇక్కడో చిక్కుంది. మిగతా పుస్తకాలన్నీ చిన్నక్షరాలకు మారిపోయాక కూడా లెక్షనరీలను 11వ శతాబ్దం దాకా పాత పెద్దక్షరాల్లో రాస్తూనే వచ్చారు. హార్లీ 5598 కూడా అలాంటిదే. మసక దీపాల వెలుతురులో దూరం నుంచి చదవడానికి అవి సులువు, గంభీరంగానూ ఉంటాయి. అక్షరం చూసి తొందరపడి వయసు పెంచేస్తే దెబ్బతింటారు.

లెక్షనరీ విడి ఆకులు అమ్మకానికి కనిపిస్తే కొనొచ్చా?

నా సలహా వద్దనే. ఆకు విడిగా ఉందంటే పుస్తకం ఏదో ఒక రోజు విరిగింది. కొన్ని చెదలకూ తడికీ విరిగాయి, కొన్నిటిని అట్టల్లో బలానికి వాడుకున్నారు, కొన్నిటిని డబ్బుకోసం విడగొట్టారు. ఓహాయోలో ఆటో ఈజ్ (1888–1951) అనే ఆయన మధ్యయుగ పుస్తకాలను, ఎక్కువగా లాటిన్‌వి, విప్పి ఆకులు ఆకులుగా అమ్మాడు. ఒక్కో పుస్తకం ఇప్పుడు పదుల ఊళ్లలో ఉంది.

దొంగసొత్తు భయం వేరే. ఉత్తర గ్రీస్‌లో డ్రామా దగ్గరి ఐకోసిఫినిస్సా మఠాన్ని 1917 మార్చిలో బల్గేరియా సాయుధులు దోచుకుని వందల రాతప్రతులు పట్టుకుపోయారు. అవి చేతులు మారుతూ అమెరికా దాకా వెళ్లాయి. షికాగో లూథరన్ సెమినరీ 2016లో, వాషింగ్టన్‌లోని మ్యూజియం ఆఫ్ ద బైబిల్ 2022లో చెరొక ప్రతిని తిరిగి పంపాయి. గెట్టీ మ్యూజియం కూడా ఆథోస్ కొండ మీది డియోనిసియు మఠం నుంచి పోయిన 12వ శతాబ్దపు కొత్త నిబంధనను 2014లో వాపసు ఇచ్చింది. పెద్ద మ్యూజియంలే ఇరుక్కున్న చోట మనకెందుకు టెన్షన్?

కింది రాతలో బైబిల్‌ను తలకిందులు చేసే రహస్యం ఏమైనా దొరికిందా?

లేదు. యూట్యూబ్ థంబ్‌నెయిల్స్‌కు పనికొచ్చేది ఏమీ లేదు.

గ్రీకు రానివాళ్లు ఇంట్లో కూర్చుని చూడొచ్చా?

చూడొచ్చు, ఉచితంగా. కేంబ్రిడ్జ్ డిజిటల్ లైబ్రరీలో ఎంఎస్ అడిషనల్ 10062 అని వెతకండి. ఫోటోను బాగా జూమ్ చేసి, ముందు నల్లగా ఉన్న పై రాతను చూడండి. కొన్ని పదాల మీద చిన్న అడ్డగీత ఉంటుంది. యేసు, దేవుడు, ప్రభువు లాంటి పవిత్ర నామాలను రెండు మూడు అక్షరాలకు కుదించి గీత గీసే అలవాటు అది. మొదటి శతాబ్దాల నుంచీ ఉంది కాబట్టి కింది రాతలోనూ దొరుకుతుంది. ఆ తర్వాత బొమ్మను 90 డిగ్రీలు తిప్పండి. వరసల మధ్య ఖాళీల్లో గోధుమ రంగులో పెద్ద గుండ్రటి అక్షరాలు తేలతాయి. అంచుల్లో ఇసుక చల్లినట్టు కనిపించేది వ్యాఖ్యానం. కంప్యూటర్‌లో రంగులు విడదీసిన ఫోటో దొరికితే దాన్ని చివరికి ఉంచుకోండి, ముందే చూస్తే ట్రెగెల్స్ పడ్డ కష్టం అర్థం కాదు.